మూసీ వరదలో అన్నపు గిన్నె, లండనులో బట్టల కుప్ప: సరోజినీ నాయుడు జీవితంలో సేవాధ్యాయం

మన సరిహద్దు పల్లెలకూ, థానే జిల్లాలోని భివండీ పట్టణానికీ ఉన్న అనుబంధం పాఠకులకు విదితమే. నిజామాబాదు, నాందేడు, మన్మాడుల మీదుగా సాగే రైలుబాట పట్టుకొని, కళ్యాణిలో దిగి, సాంచెల పని వెతుక్కుంటూ ఎన్నో పద్మశాలి కుటుంబాలు అక్కడికి చేరుకొన్నాయి. ఆ పట్టణంలోని నిజాంపురా పేరు అక్కడి మహానగరపాలిక పేరులోనే నిలిచి ఉన్నది. కామ్వారీ నది ఆ ఊరిని ఒరుసుకొని ప్రవహిస్తుంది. 2005 జూలై 26వ తేదీన ముంబయిలోని శాంతాక్రూజులో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు థానే జిల్లాలో భివండీ, కళ్యాణి ప్రాంతాలు కూడ నీట మునిగినవి. వరద అంటే ఏమిటో, తడిసిన ఇంటి ముంగిట ఆరిన గుడ్డ ఎంత విలువైనదో నిజాంపురా వాసులకు వేరే చెప్పనవసరం లేదు.

బట్ట నేసే ఊరు కనుక, ఎక్కడ ఆపద వచ్చినదన్నా ఆ ఊరివారికి ముందుగా తోచేది బట్టల మూటయే. ఇవ్వడానికి మనసున్నవారు మన సమాజంలో ఏనాడూ కొరవడలేదు. కాని ఇచ్చిన వస్తువు, అవసరమున్న చేతికి, అవసరమైన రూపంలో, సకాలంలో చేరడం వేరొక విద్య. ఆ విద్యను మన హైదరాబాదు గడ్డ మీదనే అభ్యసించిన ఒక మహనీయురాలి జీవితాన్ని ఈ వారం స్మరించుకొందాము. ఆమెను లోకం కవయిత్రిగా ఎరుగును. స్వాతంత్ర్య సమర నాయకురాలిగా ఎరుగును. వరద బాధితుల నడుమ తిరిగిన సేవకురాలిగా ఎరిగినవారు తక్కువ. ఆమెయే సరోజినీ నాయుడు.

బాల్యము, వివాహము

సరోజినీ దేవి 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ తూర్పు బెంగాలుకు చెందిన పండితుడు. స్కాట్లండులోని ఎడింబరోలో విజ్ఞానశాస్త్ర పట్టం పుచ్చుకొని వచ్చి, నిజాం రాజ్యంలో విద్యావ్యాప్తికి పాటుపడ్డారు. తరువాతి కాలంలో నిజాం కళాశాలగా ఎదిగిన విద్యాసంస్థకు తొలి సారథి ఆయనయే. తల్లి వరదసుందరీ దేవి. ఎనిమిదిమంది సంతానంలో సరోజిని పెద్దది. పన్నెండేండ్ల ప్రాయంలోనే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలై అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆమెకు విద్యార్థి వేతనం మంజూరు చేయగా, 1895లో ఇంగ్లండు వెళ్ళి, లండనులోను కేంబ్రిడ్జిలోను చదువుకొన్నారు.

అప్పటికే ఆమె మనసు డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు మీద లగ్నమై ఉన్నది. ఆయన తెలుగువారు, వైద్యులు, నిజాం ప్రభుత్వ కొలువులో ఉన్నవారు. కులము వేరు, భాష వేరు. పెద్దలు సందేహించారు. అయినను 1898 డిసెంబరులో మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిలో వివాహం జరిగినది. ఆ వివాహాన్ని జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారే. ఈ విధంగా బెంగాలీ ఇంటి ఆడబిడ్డ తెలుగింటి కోడలైనది. జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని నలుగురు బిడ్డలు కలిగారు.

1905లో ఆమె తొలి కవితా సంపుటి లండనులో వెలువడినది. బంగారు గడప అనే అర్థమిచ్చే ఆ పుస్తకం పేరే తరువాత హైదరాబాదులోని వారి ఇంటికి కూడ స్థిరపడినది. ఆ సంపుటిలో నేతగాళ్ళ మీద ఒక కవిత ఉన్నది. పుట్టిన బిడ్డకు కప్పే గుడ్డ, పెండ్లినాటి వస్త్రము, చివరకు కాయం మీద కప్పే వస్త్రము, ఈ మూడూ నేతగాని చేతి నుండే వస్తాయన్నది దాని సారాంశము. మగ్గం ముందు కూర్చున్నవారి బ్రతుకును ఆమె హైదరాబాదు వీధులలోనే చూసి ఉన్నారు. మూడేండ్లు గడవక ముందే, పసిబిడ్డకూ ప్రేతానికీ కూడ గుడ్డ కరువైన దినాలను ఆ నగరం చూడవలసి వచ్చినది.

మూసీ పొంగిన రాత్రి

1908 సెప్టెంబరు నెల చివరి దినాలు. హైదరాబాదుకు ఎగువన ఎడతెగని వాన. శంషాబాదు వద్ద ఇరవైనాలుగు గంటలలో సుమారు 13 అంగుళాల వర్షం కురిసినది. మూసీ పరీవాహక ప్రాంతంలో ఒకదాని దిగువన ఒకటిగా గొలుసు కట్టుగా ఉన్న చెరువులు నిండి, పై చెరువు తెగితే ఆ నీరు క్రింది చెరువు మీద పడి, రెండువందలకు పైబడి గండ్లు పడినవి. ఆ నీరంతయు ఏకమై సెప్టెంబరు 28వ తేదీన నగరం మీద విరుచుకుపడినది.

తెల్లవారే సరికి నది ఒడ్డున ఉన్న పేటలు పేటలే లేవు. కోల్సావాడి ప్రాంతం తుడిచిపెట్టుకొని పోయినది. అఫ్జల్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన వంటివి దెబ్బతిన్నవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నేలమట్టమైనది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ వృక్షం ఆ రాత్రికి సాక్షిగా నిలిచినది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును కన్నుల ముందే కోల్పోయి తానొక్కడే మిగిలారు. ఆ వరదలో మరణించినవారు సుమారు పదిహేనువేలమంది అని అంచనా. గూడు కోల్పోయినవారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

మహబూబ్ అలీఖాన్ తన పురానీ హవేలీ ద్వారాలను నిరాశ్రయులకు తెరిపించారు. ప్రభుత్వం పక్షాన, ప్రభువర్గం పక్షాన ఉచిత వంటశాలలు వెలసినవి. ధాన్యమున్నది, ధనమున్నది, ఇచ్చే చేతులున్నవి. అయినను కష్టం అక్కడితో తీరలేదు. వంతెనలు దెబ్బతిన్న నగరంలో ఒక ఒడ్డునున్న వస్తువు మరియొక ఒడ్డుకు చేరడమే గగనమైనది. అంతకంటె పెద్ద అడ్డు మరొకటి ఉన్నది. అది కంటికి కనబడే అడ్డు కాదు.

పరదా వెనుక ఆకలి

ఆనాటి హైదరాబాదులో గౌరవ కుటుంబాల స్త్రీలు, హిందువులైనా ముస్లిములైనా, పరదా పాటించేవారు. వీధి వంటశాల ముందు పరపురుషుల నడుమ వరుసలో నిలబడి గిన్నె చాచడం వారి ఊహకు కూడ అందని విషయము. భర్తనో తండ్రినో వరదకు అప్పగించి, ఒంటి మీది తడిగుడ్డ తప్ప మరేమీ మిగలని స్త్రీకి, వంటశాల వంద అడుగుల దూరంలో ఉన్నా లేనట్టే. ఆమె ఎక్కడ ఉన్నదో, ఏమి కావలెనో అడిగి తెలుసుకోవడానికి మగ ఉద్యోగికి ఆ గడప దాటే వీలులేదు. స్త్రీయే స్త్రీ వద్దకు వెళ్ళవలెను.

ఈ పనికి ముందుకు వచ్చినవారిలో ఇరువురి పేర్లు చరిత్రలో నిలిచినవి. ఒకరు సరోజినీ నాయుడు. మరొకరు అమీనా హైదరీ. అమీనా బొంబాయిలోని సుప్రసిద్ధ తయబ్జీ కుటుంబపు ఆడపడుచు. నిజాం కొలువులోని అక్బర్ హైదరీ సహధర్మచారిణి. ఒకరు బ్రహ్మసమాజపు బిడ్డ, ఒకరు ముస్లిం ఇంటి బిడ్డ. ఇరువురూ స్నేహితురాండ్రు. ఇరువురికీ నగరంలోని అంతఃపురాలతో, మధ్యతరగతి ముంగిళ్ళతో పరిచయమున్నది.

అప్పటికి సరోజిని వయస్సు ఇరవైతొమ్మిది. ఇంట నలుగురు పసిబిడ్డలు. ఆరోగ్యం చిన్ననాటి నుండి అంతంత మాత్రమే. కవితల వలన వచ్చిన కీర్తి లండను దాక వ్యాపించి ఉన్నది. ఇంట కూర్చొని వరద మీద నాలుగు పద్యాలు వ్రాసి ఉన్నా లోకం మెచ్చుకొనేదే. ఆమె వీధిలోకి దిగి సహాయక కార్యక్రమాల నిర్వహణను తలకెత్తుకొన్నారు. భర్త వైద్యుడు కావడం వలన, వరద వెంటనే రోగాలు వస్తాయన్న ఎరుక ఆ ఇంటివారికి ఉండనే ఉన్నది.

ఆ సేవకు గుర్తింపుగా బ్రిటిషు ప్రభుత్వం సరోజినీ నాయుడుకు, అమీనా హైదరీకి కూడ కైసర్-ఇ-హింద్ పతకాలను బహూకరించినది. ఒక నగరపు విషాదంలో హిందూ ముస్లిం స్త్రీలు కలిసి చేసిన పనికి లభించిన గౌరవముగా దీనిని భావించవచ్చును.

సహాయమునకు హద్దు ఎక్కడ

అయితే ఒక సత్యాన్ని ఇక్కడ మరువరాదు. వంటశాల ఆకలిని ఆపగలదు, నదిని ఆపలేదు. పంచిన బట్ట ఒక చలికాలం గడిపించగలదు. కూలిన ఇంటిని నిలబెట్టలేదు. ఆపద గడచిన పిదప జాలి చల్లారుతుంది, వంటశాలలు మూతపడతాయి, అప్పుడే బాధితుని అసలు కష్టం మొదలవుతుంది.

ఆ సంగతిని గ్రహించే నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించినది. ఆయన చెరువుల గండ్లను, వాన లెక్కలను, నది వాలును పరిశీలించి, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించి వరదనీటిని అక్కడే పట్టి ఉంచవలెనని సూచించారు. ఆ సూచన మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. మహబూబ్ అలీఖాన్ 1911లోనే మరణించడం వలన ఆ జలాశయాలను చూడలేదు. ఆయన కుమారుని కాలంలో అవి నిండినవి. వరద వచ్చిన నాడు ఇచ్చే అన్నము ఎంత ముఖ్యమో, మరల రాకుండ కట్టే కట్ట కూడ అంతే ముఖ్యమని ఆ నగరం పదిహేనువేల ప్రాణాలు చెల్లించి నేర్చుకొన్నది.

లండనులో కత్తిరించిన గుడ్డలు

ఆరేండ్ల తరువాత, 1914 ఆగస్టులో, ఐరోపాలో మహాయుద్ధం మొదలైన దినాలలో సరోజినీ నాయుడు లండనులో ఉన్నారు. అక్కడ లైసియం అనే మహిళా సంఘం యుద్ధానికి వెళ్ళే సైనికులకు దుస్తులు కుట్టించి పంపే పనికి పూనుకొన్నది. ఆమె ఆ సంఘంలో సభ్యురాలై ఆ పనిలో తలమునకలైనారు. అదే సమయంలో దక్షిణాఫ్రికా నుండి గాంధీజీ లండను చేరుకొన్నారు. ఇరువురికీ తొలి పరిచయం అక్కడే కలిగినది.

ఆ పరిచయం ఏ రాజకీయ సభలోనో జరిగినది కాదు. సరోజిని, కొలతల ప్రకారం ముందుగానే కత్తిరించి ఉంచిన గుడ్డల కుప్పను గాంధీజీ ముందు పెట్టి, వీటన్నిటినీ కుట్టించి తిరిగి తనకు అప్పగించవలెనని కోరారు. ఆయన సంతోషముతో అంగీకరించి, ప్రథమ చికిత్స శిక్షణ పొందుతూనే, మిత్రుల సాయంతో వీలైనన్ని కుట్టించి ఇచ్చారు. ఈ సంగతిని గాంధీజీయే తన ఆత్మకథలో నమోదు చేసినారు.

బట్టతో బ్రతికే మన పాఠకులకు ఈ చిన్న సంఘటనలోని లోతు ఇట్టే తెలియును. ఆమె ఇచ్చినది తానులు కావు, పాత గుడ్డల మూట కాదు. ఎవరు తొడుగుకొంటారో వారి కొలతకు కత్తిరించిన ముక్కలు. ఎవరు కుట్టవలెనో చెప్పినారు. కుట్టిన పిమ్మట ఎవరికి తిరిగి అప్పగించవలెనో చెప్పినారు. పుచ్చుకొనేవాని ఒంటి నుండి మొదలుపెట్టి ఇచ్చేవాని చేతి వరకు వెనుకకు లెక్క వేసుకొన్న పద్ధతి ఇది. మూసీ ఒడ్డున పరదా వెనుకనున్న స్త్రీకి ఏమి కావలెనో ఆలోచించిన మనస్సుకు ఈ పద్ధతి సహజముగానే అబ్బి ఉండును.

ఆ దుస్తులు వెళ్ళినది సామ్రాజ్యపు యుద్ధానికి కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చును. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. ఆ సామ్రాజ్యం మీది భ్రమ ఆమెకు ఎక్కువ కాలం నిలువలేదు కూడ.

పతకమును వదలుకొన్న చేయి

1919 ఏప్రిల్ 6వ తేదీన రౌలట్ చట్టానికి నిరసనగా దేశమంతటా హర్తాళ్ జరిగినప్పుడు ఆమె బొంబాయిలో ఉన్నారు. ఆ సాయంత్రం గాంధీజీతో పాటు మోటారు వాహనాలలో బయలుదేరి, ప్రభుత్వం నిషేధించిన పుస్తకాలను వీధులలో అమ్మినారు. అదే నెల 13న జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగినది. ఆ తరువాత ఆమె కైసర్-ఇ-హింద్ పతకాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేసినారు. పతకం పోయినది కాని, ఏ పనికై అది వచ్చినదో ఆ పని ఆమెదే. దానిని ఎవరూ తిరిగి తీసుకోలేరు.

ఆ పిదప జీవితం దేశమెరిగినదే. 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించినారు. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయ మహిళ ఆమె. 1930 మే నెలలో, తయబ్జీ కుటుంబానికే చెందిన వృద్ధ నాయకుడు అబ్బాస్ తయబ్జీ అరెస్టయిన పిదప, ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి తానూ అరెస్టయినారు. 1931లో లండను రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినారు. 1942లో గాంధీజీతో పాటు పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధింపబడినారు. 1947 ఆగస్టు 15 నుండి సంయుక్త రాష్ట్రాలకు, అనగా నేటి ఉత్తరప్రదేశ్‌కు, గవర్నరుగా పనిచేసినారు. స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నరు ఆమెయే. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2వ తేదీన లక్నోలో కన్నుమూసినారు.

ఆమె కుమార్తె పద్మజా నాయుడు 1956 నుండి 1967 వరకు పశ్చిమ బెంగాలు గవర్నరుగా ఉన్నారు. భారత రెడ్‌క్రాస్ సంస్థ సేవలతోను సంబంధం కలిగి ఉన్నారు. హైదరాబాదులోని వారి ఇల్లు విద్యకు సమర్పితమైనది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలుత ఆ ఇంటి నుండే తన పని మొదలుపెట్టినది. ఇల్లు ఇచ్చినను అవసరమున్న పనికి అందేటట్లు ఇవ్వడం ఆ కుటుంబపు రీతి కాబోలు.

మనకు మిగిలిన పాఠము

మూసీ వరద తరువాత తెలుగు నేల ఎన్నో ఆపదలను చూసినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగి కర్నూలును, ఆలంపురం ప్రాంతాన్ని ముంచినవి. అటువంటి ప్రతిసారి ఊరూరా బట్టలు, బియ్యము, దుప్పట్లు ప్రోగవుతాయి. నిజాంపురాలోని సాంచె కార్మికుడైనా, మన సరిహద్దు పల్లెలోని రైతు అయినా, తనకున్నదానిలో ఒక భాగం తీసి ఇవ్వడం మనవారి సంప్రదాయము.

ఇచ్చే ముందు సరోజినీ నాయుడు వలె ఒక్క క్షణం అవతలి గడప నుండి ఆలోచించడం మంచిది. ఆ ఇంట పసిబిడ్డ ఉన్నదా, ముసలివారు ఉన్నారా? పొయ్యి లేని ఇంటికి బియ్యం కంటె వండిన అన్నం ముందు కావలెనేమో. చిరిగిన చీరను మూటలో వేయడం దానం కాదు. మన ఇంటి బరువును మరియొకరి మీద మోపడమే. ఆడువారికి కావలసినవి ఆడువారినే అడిగి కట్టించవలెను. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క మూటగా కట్టి, లోపల ఏమున్నదో పైన వ్రాసి, ఎవరికి అప్పగించినదీ లెక్క ఉంచుకొంటే తోపులాటలో బలవంతుడికే అన్నీ దక్కే దుస్థితి ఉండదు. వరుసలో నిలువలేనివారు ఎవరెవరని విచారించి, వారి ఇంటికే మూటను చేర్చవలెను. ఎందుకనగా, చేయి చాచలేనివారే ఎల్లప్పుడూ చివరకు మిగిలిపోతారు.

నూరేండ్లకు పైబడిన నాటి మాట ఇది. మూసీ ఒడ్డున ఆనాడు అన్నానికి కొదువ లేకపోయినా, దానిని పరదా దాటించే చేయి కరువైనది. ఆ చేయిగా నిలిచినవారిలో ఆమె ఒకరు. ఈసారి మన వీధిలో బట్టల మూటకు ముడి వేసేటప్పుడు, ఆ ముడిని విప్పబోయే చేతిని కూడ తలచుకొంటే, ఆ మహనీయురాలికి అదే నిజమైన నివాళి.